ఆయన్ని కాదు, ఆమెను అడగండి!

మా నాయిన మిలిటరీ మనిషి. నందికొండలో మా వీధి పేరు చెబితే తెలియకపోవచ్చుగానీ, "మిల్ట్రాయన ఇల్లు" అంటే చిన్నపిల్లలు కూడా చూపిస్తారు. 1971 యుద్ధంనాటికి ఆయన వయసు ఇరవై దాటింది. హవల్దారుగా రిటైరై వచ్చాక చాలా ఏళ్ళు సెక్యూరిటీ గార్డుగా పనిచేశాడు. ఇప్పుడు డెబ్భై అయిదు. పొద్దున్నే లేచి, బూట్లు వేసుకుని కాలువ గట్టున నడిచి వస్తేనే ఆయనకు తెల్లవారినట్టు. ఒంట్లో ఎలా ఉందని ఎవరడిగినా ఒకటే మాట. "ఫస్ట్‌క్లాస్!"

పోయినేడు శివరాత్రి ముందు ఆశా కార్యకర్త మా ఇంటికి వచ్చింది. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. ముప్ఫై ఏళ్ళు దాటినవాళ్ళందరికీ బీపీ, షుగరు, క్యాన్సర్ లాంటి జబ్బులు ముందే కనిపెట్టడానికి సర్కారువాళ్ళు ఒక ఫారం ఇస్తారు. వయసెంత, పొగాకు వాడతారా, మందు తాగుతారా, నడుము కొలత ఎంత, వారంలో ఎంతసేపు నడుస్తారు, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగరు, గుండెజబ్బు ఉన్నాయా అని అడిగి ఒక్కోదానికి మార్కులు వేస్తారు. మొత్తం నాలుగు దాటితే ముందు వాళ్ళను పరీక్షకు పిలవాలి. ఆ తర్వాత ఇంకో వరస ప్రశ్నలుంటాయి. ఆయాసం ఉందా, దగ్గు రెండు వారాలు దాటిందా, ఇలాంటివి.

"తాతా, ఆయాసమేమన్న వస్తుందా?" అని అడిగింది ఆ పిల్ల.

"నాకా? నాకేమైంది? మంచిగనే ఉన్న. రాసుకో, ఫస్ట్‌క్లాస్."

ఆ పిల్ల రాసుకుంది. పాపం, ఆమె మాత్రం ఏం చేస్తుంది? ఇంకా ఎన్నో ఇళ్ళు తిరగాలి. కానీ నాకు కనిపించింది వేరే. వంటింటి తలుపు దగ్గర నిలబడి మా అమ్మ తల అడ్డంగా ఊపుతోంది. చేత్తో మూడు వేళ్ళు చూపించింది. నాకు అర్థం కాలేదు. ఆశా కార్యకర్త అటు చూడనే లేదు. నాయిన చూసి, "నువ్వు లోపలికి పో" అన్నట్టు కళ్ళు పెద్దవి చేశాడు.

తర్వాత మూడు వారాలు కూడా గడవలేదు. ఒక అర్ధరాత్రి నాయినకు దమ్ము ఆడలేదు. పడుకోలేడు, కూర్చోలేడు. ఊళ్ళో ఆటో దొరికేసరికి అరగంట. దగ్గరి పట్నంలో ఆసుపత్రికి తీసుకుపోయాం, అక్కడినుంచి హైదరాబాద్. ఇక్కడినుంచి నూట యాభై కిలోమీటర్లు. ఆ దారంతా అమ్మ ఆయన తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గుండె సరిగా పంపు చేయక ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?" అని డాక్టరు అడిగాడు.

"నిన్నటి సంది" అన్నాడు నాయిన.

"సంక్రాంతి సంది" అంది అమ్మ, మెల్లగా. డాక్టరు అప్పటికే రాసేసుకున్నాడు. ఆయనదీ తప్పని అనను. రోగి మాట్లాడగలిగే స్థితిలో ఉంటే రోగినే కదా అడుగుతారు!

ఆ రాత్రి వరండాలో కూర్చున్నప్పుడు అమ్మ చూపించిన ఆ మూడు వేళ్ళ సంగతి అడిగాను. "మెత్తలు బిడ్డా" అంది. సంక్రాంతి దాకా ఒక మెత్త మీద పడుకునేవాడట. తర్వాత రెండు. శివరాత్రికి మూడు. సాయంత్రానికి చెప్పులు బిగుతైతున్నాయని పెద్ద సైజువి తెప్పించుకున్నాడట. రాత్రి దగ్గుతూ లేచి కిటికీ దగ్గర నిలబడుతున్నాడట. కాలువ గట్టుమీద ముందు తూము దాకా నడిచేవాడు సగం దూరం పోయి, ఎవరితోనో ముచ్చట పెట్టినట్టు కూర్చుని వస్తున్నాడట. ఆ చివరి సంగతి అమ్మకు ఎవరూ చెప్పలేదు, బూట్లకు అంటిన దుమ్ము చూసి పోల్చుకుంది!

గుండె నీరసించినవాళ్ళకు పడుకుంటే ఆయాసం రావడం, పాదాలు వాచడం, రాత్రి దగ్గు, నాలుగు రోజుల్లో బరువు పెరగడం ముందే కనిపించే గుర్తులని ఏ డాక్టరైనా చెబుతాడు. ఆ గుర్తులన్నీ మా అమ్మ దగ్గర తేదీలతో సహా ఉన్నాయి. మరి ఆమెను అడిగిందెవరు?

ఈ ప్రశ్న తలలో తిరుగుతుండగానే, సైనికుల గురించి అమెరికావాళ్ళు చేసిన పని ఒకటి చదివాను. అక్కడ మాజీ సైనికులకోసం ప్రభుత్వమే పెద్ద ఆసుపత్రుల వ్యవస్థ నడుపుతుంది. దాదాపు తొంభై లక్షలమంది అందులో పేరు నమోదు చేసుకున్నవాళ్ళే. వీళ్ళలో వచ్చే ఏడాదిలో ఆసుపత్రిపాలయ్యేది ఎవరో ముందే తెలుసుకోగలమా అని అక్కడి పరిశోధకులు ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నారు. తెలిస్తే ముందే పిలిచి చూడొచ్చు, మందు మార్చొచ్చు, ఇంటికి నర్సును పంపొచ్చు.

2005లో కరెన్ డిసాల్వో అనే డాక్టరమ్మ, ఆమె తోటివాళ్ళు ఒక వ్యాసం ప్రచురించారు. మాజీ సైనికుల క్లినిక్కులకు వచ్చే ఇరవై వేలమందికి పైగా రోగులకు ప్రశ్నపత్రాలు పంపించి, తర్వాత వాళ్ళలో ఆసుపత్రిలో చేరిందెవరు, చనిపోయిందెవరు అని చూశారు. ఆ పత్రంలో బోలెడు ప్రశ్నలున్నాయి. జబ్బుల చిట్టా ఉంది, మెట్లెక్కగలరా, బరువు మోయగలరా అన్నవి ఉన్నాయి. తీరా చూస్తే, ఒకే ఒక్క ప్రశ్న ఆ పెద్ద ప్రశ్నపత్రాలకు దాదాపు సాటివచ్చింది. "మొత్తమ్మీద మీ ఆరోగ్యం ఎలా ఉందంటారు? చాలా బ్రహ్మాండంగానా, చాలా బాగానా, బాగానేనా, అంతంతమాత్రమా, బాగాలేదా?" అంతే! "బాగాలేదు" అన్నవాళ్ళు ఆసుపత్రికి చేరడం, చనిపోవడం మిగిలినవాళ్ళకంటే చాలా ఎక్కువ.

ఆశ్చర్యంగా లేదూ? ఇన్ని యంత్రాలు, ఇన్ని రక్తపరీక్షలు... చివరికి "ఎట్లున్నవ్?" అన్న ముచ్చటే పనికొచ్చింది. మన పెద్దమ్మలు గడపలో అడుగుపెడుతూ అడిగే మాట!

ఆ తర్వాత ఆ దేశంలో కంప్యూటరు లెక్క కూడా వచ్చింది. రోగి పాత రికార్డులన్నీ చూసి, రాబోయే మూడు నెలల్లో, ఏడాదిలో ఆసుపత్రిలో చేరే అవకాశం, చనిపోయే అవకాశం ఎంతుందో వారంవారం సున్నా నుంచి తొంభై తొమ్మిది వరకు ఒక అంకె వేసి డాక్టరుకు చూపిస్తుంది. మంచిదే. కానీ రికార్డులో ఉన్నదే కంప్యూటరుకు కనబడుతుంది. ఆసుపత్రి గడప తొక్కనివాడి కాగితం తెల్లగా ఉంటుంది. తెల్లగా ఉంటే "వీడికేం ఢోకా లేదు" అనుకునే ప్రమాదం ఉంది. ఇది నా ఊహ కాదు. అమెరికాలోనే చాలామంది రోగులకు వాడే ఇలాంటి ఒక లెక్కను 2019లో పరీక్షించారు. వైద్యానికి అయిన ఖర్చును బట్టి అది జబ్బు తీవ్రతను అంచనా వేస్తోంది. నల్లవాళ్ళమీద ఖర్చు తక్కువ పెట్టారు కాబట్టి వాళ్ళకు జబ్బూ తక్కువే అని లెక్కగట్టింది! నిజానికి అదే అంకె వచ్చిన తెల్లవాళ్ళకంటే వాళ్ళు ఎక్కువ జబ్బుతో ఉన్నారు. మన ఊళ్ళ సంగతి ఆలోచించండి. దవాఖానకు పోనివాళ్ళు ఎవరు? బస్సు ఛార్జీకి వెనకాడేవాళ్ళు, "ఇంతదానికి ఎందుకులే" అనుకునేవాళ్ళు, మరీ ముఖ్యంగా ఆడవాళ్ళు.

అందుకే అడగాలి. సర్వేలు చేయాలి. కానీ ఎవరిని, ఎలా అడగాలన్నదే నా గొడవ.

1993లో చాడ్ బౌల్ట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు ముసలివాళ్ళకోసం ఎనిమిది ప్రశ్నల పట్టీ ఒకటి తయారుచేశారు. మళ్ళీ మళ్ళీ ఆసుపత్రిలో చేరే అవకాశం ఎవరికుందో కనిపెట్టడానికి. వయసు, ఆడా మగా, ఆరోగ్యం ఎలా ఉందనుకుంటున్నారు, పోయిన ఏడాది ఆసుపత్రిలో చేరారా, డాక్టరు దగ్గరకు ఎన్నిసార్లు వెళ్ళారు, షుగరుందా, గుండెజబ్బుందా... ఇవి ఏడు. ఎనిమిదోది చదవగానే నేను ఆగిపోయాను. అవసరమైతే కొన్నాళ్ళపాటు మిమ్మల్ని చూసుకునే మనిషి ఉన్నారా?

మా నాయిన అయితే ఆలోచించకుండా "ఉన్నది" అంటాడు. మన దగ్గర పెళ్ళయిన ఏ మగవాడైనా అంతే. ఆ "ఉన్నది" ఎవరు? డెబ్భై ఏళ్ళ మా అమ్మ! మోకాళ్ళ నొప్పితో గోడ పట్టుకుని లేచే మనిషి. ఎడమ కంట్లో శుక్లం. సర్వే కాగితంలో ఆమె ఒక "అవును". ఆయన లెక్కలో భరోసా కింద కలిసిపోయింది. ఆ "అవును"కు ఎవరు దిక్కు అని అడిగే గడి ఏ కాగితంలోనూ లేదు.

మిలిటరీవాళ్ళ భార్యల సంగతి వేరే చెప్పాలి. నా చిన్నప్పుడు నాయిన ఏడాదికి రెండు నెలలు సెలవు మీద వచ్చేవాడు. మిగతా పదినెలలూ అమ్మే అత్తమామలను చూసింది, ముగ్గురు పిల్లలను పెంచింది, మనియార్డరు కోసం పోస్టుమ్యాన్ దారి చూసింది. పశ్చిమ గోదావరిలో ఇంటింటికీ ఒక సైనికుడున్న మాధవరం గురించి అందరూ గొప్పగా చెబుతారు. గొప్పే! కానీ అన్నిచోట్లా ఇంటింటికీ ఒక భార్య కూడా ఉంది కదా, ఆమె పేరెవరైనా రాశారా అనిపిస్తుంది నాకు. జవాన్లు నలభైకి అటూ ఇటుగా రిటైరై వచ్చేస్తారు. తర్వాత ముప్ఫై, నలభై ఏళ్ళ బతుకు. ఆ బతుకులో బీపీ గోలీలు గుర్తు చేసేది, తొక్కులో ఉప్పు తగ్గించి తిట్లు తినేది, "క్యాంటీన్ సామాను" లో సీసాలెన్నో లెక్కపెట్టేది ఎవరు?

మన దేశంలో మాజీ సైనికులకు 2003 ఏప్రిల్ 1 నుంచి ఈసీహెచ్ఎస్ అనే ఆరోగ్య పథకం ఉంది. ఒకసారి చందా కడితే జీవితాంతం వైద్యం. భార్యకూ వర్తిస్తుంది. ఆయన పోయాక కుటుంబ పింఛను తీసుకునే ఆమెకూ వర్తిస్తుంది. పాలీక్లినిక్కులో చూపించుకుంటే, అవసరమైతే పెద్దాసుపత్రికి రాసిస్తారు. దీనివల్ల ఎన్ని కుటుంబాలు అప్పులపాలు కాకుండా బయటపడ్డాయో మాకు తెలుసు. మా నాయిన బిల్లు కూడా మేం అప్పు తెచ్చి కట్టలేదు. అలాంటి పథకంలోనే ఈ అడగడం అనే పని సులువుగా మొదలుపెట్టవచ్చునని నాకు అనిపిస్తుంది. కార్డులున్నాయి, ఫోన్ నంబర్లున్నాయి. మందులకు క్యూలో నిలబడేవాళ్ళు గంటసేపు ఊరికే కూర్చునే ఉంటారు. ఆ గంటలో అయిదు ప్రశ్నలు అడగలేమా? రానివాళ్ళకు మూడు నెలలకోసారి ఫోన్ చేయలేమా?

కానీ ఫోనెత్తగానే "సార్ ఉన్నారా?" అని అడిగితే మాత్రం ఆ పని వృథా. "అమ్మా, మీతోనే మాట్లాడాలి" అనాలి. ఆయన ఎన్ని మెత్తలు వేసుకుంటున్నారు, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు, తిండి తగ్గిందా, మందులు వేసుకుంటున్నారా లేక డబ్బాలో మిగిలిపోతున్నాయా, ఉన్నట్టుండి మాటలు తగ్గించారా... ఇవన్నీ ఆమెకే తెలుసు. యుద్ధం చూసి వచ్చినవాళ్ళలో కొందరికి నిద్రలో ఉలికిపాట్లుంటాయి. అవి పక్కన పడుకున్నవాళ్ళకు తప్ప ఇంకెవరికీ తెలియవు. మగవాడు, అందులోనూ సైనికుడు, తన నోటితో చెప్పడు. నొప్పి అంటే ఓడిపోయినట్టని నేర్పించి పంపారు మరి!

సరే, ఆడవాళ్ళను అడిగినంతమాత్రాన నిజం చెబుతారా? ఇక్కడే చిక్కు. ఆయన గురించి చెబుతారు. తమ గురించి చెప్పరు.

అమర్త్యసేన్ తరచూ చెప్పే ఒక పాత సంగతి ఉంది. బెంగాల్ కరువు వచ్చిన మరుసటేడు, 1944లో, కలకత్తా దగ్గర సింగూరులో అఖిల భారత ప్రజారోగ్య సంస్థవాళ్ళు సర్వే చేశారు. భార్య పోయిన మగవాళ్ళలో నూటికి 48.5 మంది తమకు జబ్బుగా ఉందనో, ఒంట్లో అంత బాగాలేదనో చెప్పారు. భర్త పోయిన ఆడవాళ్ళలో అలా చెప్పింది ఎందరో తెలుసా? నూటికి 2.5 మంది! వితంతువులు అంత ఆరోగ్యంగా ఉన్నారా? ఒక్కసారి కూడా "నీకెలా ఉంది" అని ఎవరూ అడగని మనిషికి, తనకు బాగాలేదని తోచను కూడా తోచదు. అదే సేన్ ఇంకో మాట కూడా రాశారు. మన రాష్ట్రాలన్నిటిలో ఆయుర్దాయం బాగా ఎక్కువున్న కేరళలోనే జనం తమకు జబ్బులున్నాయని ఎక్కువగా చెబుతారు, బతుకు తక్కువగా ఉన్న బీహారులో తక్కువగా చెబుతారు. చదువు, దవాఖాన అందుబాటులో ఉన్నచోట నొప్పిని నొప్పి అని గుర్తుపడతారన్నమాట.

మన నల్లగొండ సంగతే చూడండి. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఎముకలు వంగిపోయిన పల్లెలు పక్కనే ఉంటే, మోకాళ్ళ నొప్పులను జబ్బని ఎవరంటారు? "గది అందరికీ ఉన్నదే" అంటారు. అందరికీ ఉన్నది జబ్బు కాకుండా పోయింది!

కాబట్టి అమెరికాలో పనికొచ్చిన ఆ ఒక్క ప్రశ్న మన ఇళ్ళలో, అందునా మన ఆడవాళ్ళ దగ్గర, అంతే బాగా పనిచేస్తుందని కళ్ళు మూసుకుని నమ్మలేం. అక్కడ అడిగింది కూడా ఎక్కువగా మగవాళ్ళనే. మన దేశంలో 2017-18లో నలభై అయిదేళ్ళు దాటిన 72 వేలమందిని ఇంటింటికీ వెళ్ళి అడిగిన పెద్ద సర్వే ఒకటి జరిగింది. ఆరోగ్యం ఎలా ఉందన్న ప్రశ్న అందులోనూ ఉంది. మంచి పని. మన లెక్కలు మనకు కావాలి. అయితే మా అమ్మలాంటివాళ్ళ దగ్గర "ఎలా ఉన్నావు" అని కాక, "చేద బావిలో నీళ్ళు తోడగలవా, నేలమీద కూర్చుని లేవగలవా, సూదిలో దారం ఎక్కించి ఎన్నాళ్ళయింది, నిన్న రాత్రి ఏం తిన్నావు" అని అడగాలి. పనిని అడిగితే చెబుతారు, ఒంటిని అడిగితే దాస్తారు.

ఇంకో మాట. అడిగి ఊరుకుంటే లాభం లేదు. అమెరికాలో క్యామ్డెన్ అనే ఊళ్ళో మాటిమాటికీ ఆసుపత్రిలో చేరే ఎనిమిది వందలమందిని తీసుకుని, సగంమందికి ఇంటికి నర్సులను, సామాజిక కార్యకర్తలను పంపి చూశారు. 2020లో ఫలితం వచ్చింది. ఆరునెలల్లో మళ్ళీ చేరినవాళ్ళు అటూ ఇటూ దాదాపు సమానమే, నూటికి అరవై రెండుమంది! ఎంతో పేరొచ్చిన ప్రయత్నం అది. కష్టంలో బాగా మునిగినవాళ్ళను పట్టుకుంటే అప్పటికే ఆలస్యమవుతుందేమో, ఇల్లూ తిండీ ఆసరా లేనిచోట నర్సు ఒక్కతే ఏం చేస్తుందో... అది చదివాక నా ఉత్సాహం కొంచెం తగ్గిన మాట నిజం. కానీ మా నాయినది అలాంటి కేసు కాదు. ఆయనకు ఇల్లుంది, పింఛనుంది, కార్డుంది, కనిపెట్టుకుని ఉండే మనిషి ఉంది. నీరు పోయే గోలీ నెలరోజుల ముందు మొదలుపెడితే సరిపోయేది. అడగడం ఒక్కటే తక్కువైంది.

ఇలా అంకెలు వేయడంలో భయమూ లేకపోలేదు. "ఈ ముసలాయన ఎక్కువ ఖర్చు పెట్టిస్తాడు" అని ముందే తెలిస్తే దగ్గరకు తీస్తారా, దూరం పెడతారా? బీమా కంపెనీల చేతికి పోతే? చెప్పిన జవాబు వైద్యానికే వాడతామని కాగితం మీద రాసివ్వమని అడగాల్సిందే.

నాయిన ఇప్పుడు బాగున్నాడు. అమ్మ ఒక పాత డైరీలో ఆయన బరువు రోజూ రాస్తుంది. పక్కన చిన్నగా 1 అనో 2 అనో వేస్తుంది. అవి మెత్తల లెక్క! కిందటిసారి చూపించడానికి వెళ్ళినప్పుడు డాక్టరు ఆ డైరీ తిరగేసి, కుర్చీ అమ్మవైపు తిప్పుకుని కూర్చున్నాడు. అమ్మ ఆ ముచ్చట నాకు ఫోన్‌లో మూడుసార్లు చెప్పింది.

పోయిన ఆదివారం నేను మిర్యాలగూడ నుంచి వెళ్ళినప్పుడు, నాయిన కాలువ గట్టుకు పోయిన సమయం చూసి ఆ ఎనిమిదో ప్రశ్న అమ్మను అడిగాను.

"అమ్మా, నీకే నాలుగు రోజులు పాణం బాగలేకపోతే నిన్నెవరు చూస్తరు?"

బియ్యంలో రాళ్ళు ఏరుతున్నది ఆగింది. చాలాసేపు ఏమీ అనలేదు. "నువ్వొస్తవు గదా" అంది చివరికి. నాకు స్కూలు, ఇంట్లో పరీక్షలు రాసే పిల్ల. ఏ బస్సుకు బయలుదేరితే ఎన్నింటికి చేరతానో మనసులో లెక్క వేసుకుంటున్నాను.

ఇంతలో తలుపు దగ్గర బూట్ల చప్పుడు. ఎప్పుడొచ్చాడో!

"నేను చూడనా?" అన్నాడు నాయిన.

"నీకు పొయ్యి ముట్టిచ్చుడు తెలుసా?" అని అమ్మ నవ్వింది. ఆయన నవ్వలేదు. బూట్లు విప్పి వంటింట్లోకి వెళ్ళి, చక్కెర డబ్బా ఏదని అడిగాడు.

వచ్చే మంగళవారం అమ్మ కంటికి చూపిస్తున్నాం. ఆమె కార్డు ఇరవై ఏళ్ళుగా బీరువాలో ఉంది.